పక్కింటి చలి

మొదటి పొర వేసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. వకుళ ఎనిమిది గాజు గ్లాసులను బల్ల మీద వరుసగా పేర్చి, ఒక్కోదాంట్లో రెండేసి చెంచాల కేకు పొడి వేసి, చెంచా వీపుతో అదిమింది. దాని మీద మామిడి గుజ్జు. గుజ్జు గ్లాసు గోడకు అంటితే గీత చెదురుతుంది కనుక చిన్న గరాటుతో మధ్యలోకి వదిలింది. తర్వాత నడుం వంచి, కళ్ళను గ్లాసుల మట్టానికి తెచ్చి చూసింది. ఏడింటిలో గీత సరిగ్గా ఉంది. ఎనిమిదో దాంట్లో ఒక పక్కకు వాలింది. అది తన వంతు అనుకుంది.

బయట యాభై ఒక్క డిగ్రీలు. కిటికీలకు ఎండతెరలు దించి ఉన్నాయి. విశాఖలో ఇళ్ళలోంచి ఫ్రిజ్జులు పోయి ఇరవై ఏళ్ళయింది. లక్షల ఫ్రిజ్జులు వెనక నుంచి కక్కే వేడే ఊరిని మరింత ఉడికిస్తోందని తేలాక, సముద్రపు లోతుల్లోని చలిని పైకి తోడి గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపడానికి శీతల మండలి ఏర్పడింది. ఆ గొట్టాల అల్లికకు శీతలవాహిని అని పేరు. ప్రతి వంటింటి గోడలోనూ దానికొక చలిగూడు ఉంటుంది. ఇంట్లో ఎందరున్నా గూడు ఒకే కొలత. ఇద్దరి మందులు, పాలు, మర్నాటి కూర పోను కాస్త చోటే మిగులుతుంది. మూడు గ్లాసులు పెడితే నిండిపోతుంది.

వకుళ మూడు గ్లాసులు తన గూట్లో పెట్టి, మిగతా వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని చెయ్యి లోపలికంటా చాచింది. గూటి వెనక ఉండవలసిన అడ్డుపలక రెండేళ్ళుగా లేదు. అవతల ఉన్నది పక్కింటి గున్నయ్య గారి చలిగూడు.

"బాబాయి గారూ, పెడుతున్నానండీ," అంది గూట్లోకి వంగి.

అవతలి వంటింట్లో గూటి తలుపు తెరుచుకుంది. నెరిసిన మీసం, దాని కింద నవ్వు కనిపించాయి.

"ఏటమ్మా, మావిడిపండా? మద్దేనం నించీ గోడ ఇవతలికి వాసనొచ్చేస్తంది. నానింక బువ్వేటి తింటాను?"

"అయిదు పెడుతున్నాను. ఇంకా నాలుగు పొరలున్నాయి. అన్నీ గట్టిపడ్డాక రేపు తొమ్మిదింటికి ఒకటి మీది. అంతదాకా చెయ్యి పెట్టకండి."

"నా గూడు, నా సలి. పన్ను నానెప్పుడు తీసుకోవాలో నువ్వు సెప్తావేటి?"

"కిందటిసారి రెండో పొర మీదే తినేశారు. మిగతా గ్లాసులు కూడా కదిపేశారు. గీతలన్నీ కలిసిపోయాయి."

"కడుపులోకెళ్ళాక గీతలెవుడు సూస్తాడు తల్లీ! నలబై ఏళ్ళు ఐసు ఫేట్రీలో సేసినాను. దిమ్మ గట్టిపడిందో లేదో గోటితో మీటి సెప్పీవోణ్ణి. నీకు సాయం సేద్దారని ముట్టుకున్నాను గానీ తిండానికి కాదు."

"అవునండీ, చెంచాతో సాయం చేశారు."

గున్నయ్య గారు పగలబడి నవ్వి, నవ్వుతూనే దగ్గారు. "ఇంతకీ ఎవలొస్తన్నారు రేపు?"

"మా వారికి పై ఉద్యోగం వచ్చిందండీ. వాళ్ళ ఆఫీసు వాళ్ళు అయిదుగురు సాయంత్రం వస్తున్నారు."

"శీతల మండలోళ్ళా!" ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "దొంగ సలితో సేసిన మిఠాయి ఆళ్ళకే పెడతన్నావా! ఘటికురాలివే."

వకుళ నవ్వు ఆపుకుని తన వైపు తలుపు మూసింది. అవతల ఆయన తలుపు మూసిన చప్పుడు కూడా వినిపించింది.

ఎవరి చలి వాళ్ళదే అన్నది మండలి నియమం. మిగిలినది అమ్ముకుంటారన్న భయంతో, ఇచ్చిపుచ్చుకోవడాన్నే నిషేధించారు. కానీ కప్పు పంచదారా, గరిటెడు తోడూ గోడ దాటని ఇల్లు ఈ ప్రాంతంలో ఎక్కడుంది? గున్నయ్య గారు ఒంటరి మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఊరివంటశాల నుంచి రోజూ మధ్యాహ్నం రెండు పూటల డబ్బాలు వస్తాయి. గూడు ముప్పాతిక భాగం ఖాళీగానే ఉంటుంది. రెండేళ్ళ కిందట వకుళ ఒకసారి పాలు విరిగిపోయాయని వాపోతే, ఆయన తన వైపు నుంచి నాలుగు మరమేకులు విప్పి అడ్డుపలక తీసేశాడు. అద్దెగా ఆమె చేసిన దాంట్లో ఒక వంతు. దాన్ని పన్ను అనేవాడు. తీసుకున్నాక గోడ మీద రెండుసార్లు గుద్దేవాడు.

యుగంధర్‌కు ఈ సంగతి తెలియదు. శీతల మండలి ఉద్యోగి ఇంట్లో అడ్డుపలక లేదని బయటపడితే ఉద్యోగం అక్కడితో సరి. ఈ మిఠాయికి తమ ఏడాది పండగ చలి కోటా వాడుతోందని ఆయన అనుకుంటున్నాడు. ఆ కోటా ఎప్పుడో అయిపోయింది.

ఆరున్నరకు రెండో పొర. కస్టర్డును తొరక కట్టకుండా తిప్పుతూ చల్లార్చి, వేలు పెట్టి చూసుకుని, వేడి లేదని నిశ్చయం చేసుకున్నాక గ్లాసులన్నీ బయటికి తీసి పోసింది. వేడిగా పోస్తే కింది పొర కరుగుతుంది. మరీ చల్లారితే ముద్దలుగా జారుతుంది. ఆ మధ్య ఉన్న నాలుగు నిమిషాలను పట్టుకోవడమే పని. తిరిగి పెడుతూ, "బాబాయి గారూ, రెండోది," అంది. జవాబు లేదు. స్నానానికి వెళ్ళి ఉంటాడనుకుంది. ఆయన రాత్రి భోజనం డబ్బా అడ్డంగా ఉంటే వేలితో మూలకు నెట్టి, గ్లాసులు సర్దింది.

ఎనిమిదికి మూడో పొర. అనాసపండును పచ్చిగా వేస్తే కస్టర్డు చేదెక్కి విరిగిపోతుంది. అందుకని పంచదార పాకంలో ఉడికించి, కరిగించిన చైనాగ్రాసులో కలిపి పోసింది. ఇప్పుడూ అవతల అలికిడి లేదు. గ్లాసులు మాత్రం అయిదూ ఉన్నాయి. ఈసారికి మాట విన్నాడని సంతోషించింది.

"పక్కాయన ఇవాళ గోడ గుద్దటం లేదేమిటి?" అన్నాడు యుగంధర్ అన్నం తింటూ. గోడ గుద్దడం ముసలాయన చాదస్తమని ఆయన నమ్మకం.

"పడుకున్నట్టున్నారు."

"వచ్చేటప్పుడు చూశానులే. పచ్చగానే ఉంది."

పచ్చగా ఉన్నది గుమ్మం పక్కన దీపం. ఒంటరిగా ఉండే ప్రతి పెద్దవయసు మనిషి గుమ్మానికీ అలాంటిదొకటి ఉంటుంది. దాని పేరు క్షేమసూచి. చలిగూటి అడుగున ఉన్న తూకపు పలక మీద బరువు మారుతూ ఉంటే మనిషి తింటున్నట్టు, తిరుగుతున్నట్టు లెక్క. పన్నెండు గంటలపాటు బరువు మారకపోతే దీపం ఎర్రబడుతుంది, వైద్యదళం వస్తుంది. అది వచ్చిన తొలి ఏడాదే ఒంటరి చావులు సగానికి తగ్గాయని మండలి ప్రకటించింది. అది నిజమే. అప్పటి నుంచి పిల్లలు రోజూ ఫోను చేసి తిన్నావా అని అడగనక్కర్లేకపోయింది. మెట్లెక్కుతూ దిగుతూ జనం దీపం వైపు చూసి, తృప్తిగా ముందుకు సాగడం అలవాటు చేసుకున్నారు.

మర్నాడు ఉదయం ఆరింటికి నాలుగో పొర, గిలక్కొట్టిన మీగడ. తొమ్మిదింటికి పైన చల్లడానికి దానిమ్మ గింజలు వలిచి పెట్టుకుంది. యుగంధర్ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. గ్లాసులు తీసి, గింజలు చల్లి, తన మూడూ లోపల పెట్టింది. మిగతా అయిదింటినీ గూడు దాటించి, పన్ను తాలూకు గ్లాసును అన్నిటికన్నా ముందు, ఆయన చేతికి అందేలా నిలిపింది.

"బాబాయి గారూ, తొమ్మిదయింది. ఇక తీసుకోవచ్చు."

జవాబు లేదు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగింది. మూలన రాత్రి భోజనం డబ్బా ఉంది. నిన్న ఆరున్నరకు తను నెట్టిన చోటే ఉంది. మూత మీద ఊరివంటశాల వాళ్ళ కాగితం ముద్ర చిరగలేదు.

వకుళ గోడ మీద అరచేత్తో కొట్టింది. తర్వాత రోకలిబండతో కొట్టింది. చెవి ఆనించింది. ఎండకూ తుపానుకూ తట్టుకునేలా కట్టిన గోడలు అవి. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

వసారాలోకి పరుగెత్తింది. గున్నయ్య గారి ఇల్లు 407. గుమ్మం పక్కన దీపం పచ్చగా, నిశ్చలంగా వెలుగుతోంది. గంట నొక్కింది. తలుపు గొంతు మృదువుగా పలికింది. "ఇంటివారు క్షేమం. ఉదయం ఆహారం తీసుకున్నారు. దయచేసి వారి విశ్రాంతికి భంగం కలిగించకండి."

"తీసుకోలేదు!" అంది వకుళ తలుపుతో.

"ఇంటివారు క్షేమం," అంది తలుపు మళ్ళీ.

వకుళ ఇంట్లోకి వచ్చి ఫోను చేసింది. యుగంధర్ మూడో పిలుపుకు ఎత్తాడు. వెనక మనుషుల మాటలు, ఎవరో అభినందనలు చెబుతున్న సందడి.

"ఏవండీ, గున్నయ్య గారి సూచి ఒకసారి చూడండి."

"ఏమైంది?"

"ముందు చూడండి."

కొన్ని క్షణాల తర్వాత ఆయన నవ్వాడు. "భేషుగ్గా ఉన్నాడు. నిన్న ఆరున్నర, ఎనిమిది, ఇవాళ ఆరు, తొమ్మిది. ఎప్పుడూ పూటకోసారి తినేవాడు ఇప్పుడిలా తింటున్నాడు. ఆకలి మెరుగుపడిందని యంత్రం మెచ్చుకుంది కూడా."

"ఆ నాలుగుసార్లూ నేనండీ."

"ఏమిటి?"

"గ్లాసులు. పొర పొరకూ బయటికి తీసి, మళ్ళీ పెట్టాను. ఆయన గూట్లో."

"ఆయన గూట్లోకి నీ గ్లాసులు ఎలా వెళ్తాయి? మధ్యలో అడ్డుపలక…" ఆయన ఆగిపోయాడు. వెనక సందడి దూరమైంది. ఎక్కడికో పక్కకు నడిచినట్టున్నాడు. "ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళు. తర్వాత తిట్టండి. నిన్న సాయంత్రం నుంచి ఆయన పలకలేదు. రాత్రి అన్నం అలాగే ఉంది. తలుపు తీయించండి."

"పచ్చగా ఉన్న ఇంటి తలుపు తీయించే అధికారం నాకే కాదు, కలెక్టరుకు కూడా లేదు. ముసలివాళ్ళను ఎవరూ వేధించకూడదనే ఆ నియమం పెట్టింది. పోలీసులొచ్చినా దీపం చూసి వెళ్ళిపోతారు."

"ఎర్రబడాలంటే?"

"పన్నెండు గంటలు బరువు మారకూడదు." ఆయన గొంతు తగ్గింది. "తొమ్మిదింటికి నువ్వు మళ్ళీ మార్చావు. అంటే రాత్రి తొమ్మిదికి."

వకుళ గూటి వైపు చూసింది. తను నిన్న మొదటి పొరతో ఆపేసి ఉంటే, మళ్ళీ చెయ్యి పెట్టకుండా ఉంటే, ఈ తెల్లవారేసరికే దీపం ఎర్రబడి ఉండేది. పొర గట్టిపడాలని తను ఆగిన ప్రతిసారీ, తిరిగి పెట్టిన ప్రతిసారీ, అవతలి మనిషి బతుకు గడియారాన్ని మొదటికి తిప్పింది.

"మీరు రాయండి. కారణం ఇదీ అని పైవాళ్ళకు రాయండి."

"రాసినా విచారణకే రెండు రోజులు పడుతుంది. వకుళా, విను. ముందు ఆ పలక వెతికి బిగించెయ్. ఎవరైనా వచ్చేలోపు. తర్వాత నేనేదో ఒక దారి చూస్తాను."

"బిగిస్తే ఆయన్ని చూడటానికి ఉన్న ఒక్క కన్నం మూసినట్టే కదండీ."

ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది.

అయిదు గ్లాసులూ లాగి ఎక్కడ పడితే అక్కడ పెట్టింది. ఒకటి వాలి, మీగడ మీది గింజలు బల్ల మీదికి జారాయి. ఆమె సరిచేయలేదు. పొడుగు కాడ ఉన్న గరిటె తీసుకుని, భుజం దాకా గూట్లోకి దూర్చి, అవతలి తలుపును వెనక నుంచి పొడిచింది. రెండోసారికి తలుపు తెరుచుకుంది. వేడిగాలి మొహాన కొట్టింది. ఆయన వంటింట్లో సన్నని భాగం మాత్రం కనిపించింది. పొయ్యి గట్టు, గోడకు వేలాడుతున్న తువ్వాలు, పక్కకు పడి ఉన్న ముక్కాలిపీట. పీట అవతల నేల మీద ఒక పాదం.

"బాబాయి గారూ!"

పాదం కదల్లేదు.

చలి నీళ్ళలో ముంచిన తువ్వాళ్ళను ఒక్కొక్కటిగా గరిటె కొనకు చుట్టి, శక్తికొద్దీ విసిరింది. మొదటిది పొయ్యి గట్టు మీద పడింది. రెండోది మోకాలికి తగిలి, అక్కడే ఉండిపోయింది. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. చాలాసేపటికి, అది చాలాసేపని ఆమెకు అనిపించింది, ఆ పాదం బొటనవేలు ఒక్కసారి ముడుచుకుని విడివడింది.

"ఉన్నారు," అంది పైకే. "ఉన్నారు."

ఉన్నారు సరే. తన చెయ్యి అక్కడిదాకా అందదు. మనిషి పట్టే కన్నం కాదు. రాత్రి తొమ్మిది దాకా ఆ గదిలో, ఆ వేడిలో ఆయన ఆగలేడు. వకుళ గరిటె వైపు చూసింది. తెరిచి ఉన్న ఆ తలుపు వైపు చూసింది. అప్పుడే గోడలోంచి మరో గొంతు పలికింది. "చలి వృథా అవుతోంది. నాలుగు వందల ఏడు. దయచేసి గూడు మూయండి."

యుగంధర్ అన్నం దగ్గర చెప్పే కబుర్లలో సగం ఇవే. ఒక గూడు తెరిచి వదిలేస్తే వీధి మొత్తానికి చలి పడిపోతుంది. అందుకని చలిదళానికి ఏ తలుపైనా బద్దలుకొట్టే అధికారం ఉంది. పది నిమిషాల్లో రాకపోతే సంజాయిషీ ఇవ్వాలి. అక్కడ మనిషి పడి ఉంటే పన్నెండు గంటలు. చలి కారిపోతే పది నిమిషాలు.

ఆమె గరిటెను అవతలి తలుపు సందులో అడ్డంగా ఇరికించింది. గూటి పక్క గోడనున్న, చలి పెంచే చక్రాన్ని చివరికంటా తిప్పింది. తన వైపు తలుపు మూసేసి, చలి అంతా ఆ గదిలోకే పోనిచ్చింది. రెండు నిమిషాలకు గోడలోని గొంతు గట్టిపడింది. "చలి వృథా అవుతోంది. ఇది నేరం." వకుళ వసారాలోకి వెళ్ళి, 407 ముందు నిలబడింది. తలుపు కింద సన్నని సందులోంచి చల్లని గాలి వచ్చి ఆమె కాలి వేళ్ళను తాకింది. పై అంతస్తు వాళ్ళు, ఎదురింటి వాళ్ళు ఒక్కొక్కరే తలుపులు తీసి చూస్తున్నారు.

"ఏమిటండీ ఆ గోల? వకుళ గారూ, మీ ఇంటిదా?"

"నాదే," అంది.

చలిదళం ఏడో నిమిషంలో వచ్చింది. నలుగురు. ముందున్న దళనాయకురాలికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. దీపం వంక చూసి, "పచ్చగా ఉంది, మనిషి లోపల ఉండి ఇలా తెరిచి పెట్టాడా? మతిగానీ పోయిందా?" అని విసుక్కుంది. తలుపు తాళం కోసే రంపం ఆనించారు. గుమ్మం నిప్పురవ్వలు కక్కుతున్నంతసేపూ ఆ దీపం పచ్చగానే వెలిగింది.

లోపలికి వెళ్ళిన మనిషి కేక వేశాడు. "మేడం! కింద పడి ఉన్నాడు! డాక్టర్ని పిలవండి!"

పీట ఎక్కి పైన అటక మీద ఏదో అందుకోబోయి పడ్డాడు. తుంటి విరిగింది. పెదవులు పగిలి, నాలుక మందమై, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. వంటింటి నేల మీద చలిపొగ పల్చగా పరుచుకుని ఉంది. పరుగున వచ్చిన వైద్యుడు నాడి చూసి, ఆ పొగను చూసి, తలెత్తి గూటి సందులో ఇరుక్కున్న గరిటెను చూశాడు. "ఒళ్ళు కాలిపోవలసింది. ఇది లేకపోతే నన్ను పిలిచి లాభం లేకపోయేది," అన్నాడు. మంచంమీద మోసుకెళ్తుంటే గున్నయ్య గారి పెదవులు కదిలాయి. వకుళ వంగింది.

"పన్ను," అన్నాడు ఆయన, గాలి తప్ప గొంతు లేకుండా. "తీసుకోలేదు… నానేటి ముట్టలేదు."

ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది.

దళనాయకురాలు గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతిదీపం లోపలికి వేసి, ఇరుక్కున్న గరిటె లాగి దానితో అవతలి తలుపును తోసింది. అవతల వకుళ వంటిల్లు, బల్ల మీద పొరలు జారిపోతున్న గ్లాసులు కనిపించాయి.

"మధ్యలో అడ్డుపలక మీరు తీశారా?"

"ఆయన తీశారు. నా కోసం."

"మీ భర్త పేరు?"

వకుళ చెప్పకముందే వెనక నుంచి, "యుగంధర్. శీతల మండలి, సూచి విభాగం," అన్న మాట వినిపించింది. ఆయన చెమటతో తడిసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. గూట్లోంచి తన ఇంటి వైపు చూశాడు. "రెండేళ్ళుగా ఈ గోడకు వీపు ఆనించి కాఫీ తాగుతున్నాను," అన్నాడు నెమ్మదిగా. వకుళ వైపు చూడలేదు. కానీ వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు.

"నేరం మీ ఇంటిది కనక మీరు పక్కకు తప్పుకోవాలి సార్," అంది దళనాయకురాలు. తర్వాత వకుళతో, "ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి. ఈ పని మీరొక్కరేనా?"

వసారాలో గుంపుగా నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి మాటలాపేశారు. మేడ మీద బట్టలారేసే చోట ఆడవాళ్ళు అడిగే ప్రశ్న వకుళకు గుర్తొచ్చింది. "మీకెవరున్నారండీ?" దానర్థం, మీ పక్క గూడు ఎవరిది అని. ఒంటరి ముసలివాళ్ళు పక్కన ఉన్నవాళ్ళను అదృష్టవంతులనేవారు. అయిదో అంతస్తు ఆవిడ దోసెల పిండి పెడుతుంది. కింది ఇంటాయన చేపలు పెడతాడు. ఎదురుగా నిలబడి ఉన్నవాళ్ళలో ఎవరూ ఆమె కళ్ళల్లోకి చూడడం లేదు.

చెబితే రేపటి నుంచి ఈ మెట్ల మీద తనతో ఎవరూ మాట్లాడరు.

"కాదు," అంది వకుళ. "అందరం. ఈ మేడలో అందరం. మిగతా మేడల్లో కూడా."

ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో తలుపు వేసుకున్నారు. యుగంధర్ మాత్రం చటుక్కున తల తిప్పి ఆమెను చూశాడు. చేతిపలక తీసి, మండలి లెక్కలు తెరిచాడు.

"ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎనభై ఆరు వేల మంది," అన్నాడు. "అందరిదీ పచ్చగానే ఉంది."

"అందులో ఎన్ని నిజం?" అంది దళనాయకురాలు.

ఆ లెక్క యంత్రం దగ్గర లేదు. బరువు మారిందని దానికి తెలుసు. ఎవరి చేతితో మారిందో దానికి ఎవరూ నేర్పలేదు. ఒకరి గూట్లో మరొకరు చెయ్యి పెడతారని దాన్ని తయారుచేసిన వాళ్ళకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో వకుళకు అర్థం కాలేదు. వాళ్ళ ఇళ్ళకు కూడా పక్కిళ్ళు ఉండి ఉంటాయి కదా.

"తలుపులు కొట్టడం తప్ప దారి లేదు," అంది దళనాయకురాలు చివరికి. "ఈ మేడలో ఒంటరివాళ్ళు ఎంతమంది?"

"ఇరవై మూడు ఇళ్ళు," అన్నాడు యుగంధర్.

ఆమె తన మనుషులను రెండేసి అంతస్తులకు పంపి, ఇంకా చాలరని వకుళ వైపు చూసింది. వకుళ అప్పటికే మెట్లెక్కుతోంది. కింద నుంచి, పై నుంచి, మేడంతా తలుపులు బాదుతున్న చప్పుడు. కొన్ని తెరుచుకుంటున్నాయి. "ఎవరండీ, ఏమొచ్చింది, ఇల్లంటుకుందా?" అని చిరాకుపడే గొంతులు. ఆ చిరాకు ఆమె చెవికి ఎంతో హాయిగా తగిలింది.

ఆరో అంతస్తు చివర, 609 ముందు ఒకావిడ నిలబడి ఉంది. పేరు మైథిలి అని మాత్రం వకుళకు తెలుసు. పక్కిల్లు 610 ఆవిడది. చేతిలో తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉంది. ఒంటరి ముసలావిడ ఉండే 609 దీపం పచ్చగా ఉంది.

"కొట్టారా?"

"కొట్టాను. మూడుసార్లు కొట్టాను." మైథిలి దీపం వైపు చూపించింది. "క్షేమం అంటోంది తలుపు."

"ఆవిణ్ణి ఎప్పుడు చూశారు?"

మైథిలి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నం ఆమె మొహంలో కనిపించింది. నుదురు ముడుచుకుంది, కళ్ళు పక్కకు తిరిగాయి, నోరు తెరుచుకుని మూసుకుంది.

"రోజూ పొద్దున పూలు పెడతానండీ. సాయంత్రం తీసుకుంటాను. ఒక్క రోజు మానలేదు. ఎప్పుడైనా అట్లు కూడా పెడతాను, ఆవిడ తీసుకుంటారని…" పూల మూట వైపు చూసింది. "తీసుకునేవారు. వేసవి రాకముందు తీసుకునేవారు. ఆ తర్వాత నేనే తిరిగి తెచ్చుకుంటున్నాను. ఇష్టం లేదేమో అనుకున్నాను."

వకుళ తలుపు కింద సందు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఏమీ తెలియలేదు.

"ఎలా ఉంటారావిడ? దళం వాళ్ళకు చెప్పాలి."

మైథిలి పూలను గుండెకు నొక్కుకుంది. తెల్లని మొగ్గలు గుడ్డలోంచి ఒకటొకటిగా నేల మీదికి రాలుతున్నాయి.

"మొహం గుర్తుకు రావడం లేదండీ," అంది. "ఆవిడ గూట్లో ఎంత చోటుందో మాత్రం తెలుసు."

వకుళ పిడికిలి బిగించి తలుపు మీద కొట్టింది. ఆగి, మళ్ళీ కొట్టింది.